ఒక్క పిలుపుకే చోటు

రేణిగుంట దగ్గరి ఆ ఫోన్ల కంపెనీలో మూడో అంతస్తు చివరి గదికి వృద్ధాశ్రమమని పేరు. పెట్టింది కుర్ర ఇంజినీర్లు. కంపెనీ ఇన్నేళ్ళుగా తయారుచేసిన ప్రతి మోడల్‌లోనూ ఒకటి ఆ గది అల్మారాల్లో ఛార్జింగు వైరు తగిలించుకుని కూర్చుని ఉంటుంది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చినప్పుడల్లా ముందు వీటిమీద వేసి చూడాలి. నడిస్తే జనం చేతుల్లో ఉన్నవాటికి పంపుతారు. నడవకపోతే ఎందుకు నడవలేదో వెతికి, సరిచేసి, మళ్ళీ వేసి చూడాలి. అల్మారా నిండేకొద్దీ ఆ చాకిరీ పెరుగుతుంది. అందుకని ఏటా కొన్ని మోడళ్ళను తీసి అట్టపెట్టెలో పడేస్తారు. పెట్టెలో పడ్డదానికి ఇక అప్‌డేట్ ఉండదు.

ఆ గదికి పెద్దదిక్కు జ్ఞానప్రసూన. యాభై ఏళ్ళుంటాయి. పేరు మొత్తం పలికే ఓపిక ఎవరికీ లేక ప్రసూన మేడం అయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే బంధువులు కూడా ఒక్కొక్కరే అడగడం మానేశారు. తిరుపతిలో రెండు గదుల అద్దె వాటా, పొద్దున కంపెనీ బస్సు, సాయంత్రం అదే బస్సు. ఆదివారం పొద్దున కూరగాయలవాడితో మాట్లాడితే సోమవారం దాకా మళ్ళీ నోరు తెరిచే పని ఉండేది కాదు.

అల్మారా పై వరసలో ఉన్నది మాత్రం ఆమె తలలోంచి పుట్టినది. దాని పేరు కంఠిక. గొంతుకు బిళ్ళలాగా కట్టుకునే చిన్న ఫోను. జబ్బుచేసి స్వరపేటిక తీయించుకున్నవాళ్ళ కోసం చేశారు. మాట రాకపోయినా మనిషి నోరు కదిపితే మెడ కండరాలు వణుకుతాయి. కంఠిక ఆ వణుకును చదివి, ఆ మనిషి పాత గొంతుతోనే మాటను పైకి పలుకుతుంది. ఆపరేషనుకు ముందు రికార్డు చేసుకున్నది కాస్త ఉంటే, ఏళ్ళ తరబడి ఆ మెడను అంటిపెట్టుకుని అది సొంతంగా నేర్చుకునేది కొండంత. నేర్చుకున్నకొద్దీ దాని చిప్పులో సన్నటి పోగులు పెరుగుతాయి. అలా పెరిగినవాటిని ఇంకో చిప్పులోకి కాపీ చేయడం ఎవరివల్లా కాదు.

ఆ ఏడు కొత్త సిస్టమ్‌ను పాత కంఠికమీద వేసినప్పుడు దీపం వెలిగింది. గడియారం సరిగ్గా చూపించింది. బ్యాటరీ ఎంతుందో చెప్పింది. పరీక్షకు వాడే రబ్బరు మెడకు కట్టి 'నమస్కారం' అన్న వణుకు పంపితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. సిస్టమ్ అడిగేది చిప్పుకు అర్థమయ్యేలా చెప్పడానికి మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. అది రాసింది చిప్పు చేసిన విదేశీ కంపెనీ. లోపల ఏముందో ఎవరికీ చూపకుండా సీలు వేసి ఇచ్చింది. కిందటేడు ఆ కంపెనీయే మూతపడింది. కొత్త సిస్టమ్ అడిగే పద్ధతి మారిపోయింది, మధ్యలో ఉన్నదానికి పాత పద్ధతే తెలుసు, దాన్ని మార్చి రాయగలవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ ఏటా ఏదో అతుకు వేసి ప్రసూన నెట్టుకొచ్చింది. ఈసారి మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నా అతుకు నిలవలేదు.

ల్యాబు హెడ్డు భానుప్రకాష్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్న.

"మేడం, ఇది మూడేళ్ళ కిందటే పెట్టెలోకి పోవాల్సింది. మీరు పట్టుబట్టినారని ఉంచినాం. ఇంకా ఎంతమంది వాడతా ఉండారు?"

"ఒక్కరు."

"ఒక్కరా!" అని అతను ఆమెవంక చూసి, గొంతు తగ్గించాడు. "ఇంక చాలు మేడం. రేపు ఆర్డరు ఇచ్చేస్తా."

"పాత సిస్టమ్‌తోనే నడుపుకోనీయచ్చు కదా?"

"రూలు మీకు తెలీనిదా?"

తెలుసు. ఆ రూలు రాసిన కమిటీలో ఆమె కూడా ఉంది. ఒకసారి ఎవడో రక్షణ పాతబడిన కంఠికలోకి దొంగచాటుగా దూరి, ఒక పెద్దమనిషి నోట ఆయన అనని మాటలు అనిపించాడు. అప్పటినుంచి, అప్‌డేట్ ఆగిపోయిన ఏ కంఠికైనా అరవయ్యో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి తనంతట తానే శాశ్వతంగా మూతపడాలి. మనిషి నోట దొంగమాట పలికేకంటే మాట లేకపోవడమే నయమని ఆ రోజు కమిటీలో గట్టిగా వాదించింది ప్రసూనే.

ఆ మిగిలిన ఒక్కరి పేరు మునిరత్నం. పుత్తూరు బస్టాండులో ముప్పై ఏళ్ళు మైకులో బస్సుల పేర్లు చెప్పిన మనిషి. ఆయన "నగరి, తిరుత్తణి మీదుగా" అంటే నిద్రపోతున్న ప్రయాణికుడు కూడా సంచీ ఎత్తుకుని లేచేవాడట. తొమ్మిదేళ్ళ కిందట గొంతులో క్యాన్సరు వచ్చి స్వరపేటిక తీసేశారు. కంఠిక మొదట కట్టుకున్నవాళ్ళలో ఆయనొకడు. పరీక్షలకు సాయం చేస్తానని తనే పేరు ఇచ్చాడు. ప్రతి శనివారం పదకొండింటికి ప్రసూనకు ఫోను చేసి, ఆమె పంపిన ఇరవై వాక్యాలు చదివేవాడు. ఎక్కడైనా మాట తడబడితే ఆమె రాసుకునేది. ఇరవై వాక్యాలకు పది నిమిషాలు చాలు. ఫోను మాత్రం ముప్పావు గంటకు తక్కువ ఎప్పుడూ సాగలేదు. పుత్తూరులో వాన పడిందా, మామిడిపూత ఎలా ఉంది, పేపర్లో ఏం రాశారు, నువ్వేం వండుకున్నావు. తొమ్మిదేళ్ళలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

మూడేళ్ళ కిందట కొత్త రకం కంఠిక వచ్చింది. పాతది, కొత్తది రెండూ మెడకు కట్టుకుని పది నెలలు మాట్లాడితే పాతది పలికే గొంతును విని కొత్తది నేర్చేసుకుంటుంది. కంపెనీ అందరికీ ఉత్తరాలు రాసింది. అందరూ మారారు. మునిరత్నం కూడా ఆ ఉత్తరం పట్టుకుని ఆమెను అడిగాడు.

"ఏమి చేద్దాం ప్రసూనమ్మా? మారమంటావా?"

కొత్త కంఠిక తనను తానే పరీక్షించుకుంటుంది. దానికి శనివారం ఫోన్లు, ఇరవై వాక్యాలు అక్కర్లేదు. ప్రసూన ఒక్క నిమిషం ఆలోచించింది. ఆ నిమిషంలో ఆమెకు కనిపించింది ఫోను మోగని శనివారం.

"మీది బంగారంలాగా పనిచేస్తా ఉంది కదన్నా. తొందరేముంది? నేనుండాను కదా" అంది.

ఆర్డరు వచ్చిన మర్నాడు ప్రసూన కొత్త కంఠికను సంచిలో వేసుకుని పుత్తూరు బస్సెక్కింది. బస్టాండు వెనక సందులో రెండో ఇల్లు. తలుపు తీసిన మనిషి పొడుగ్గా, ఎండిపోయినట్టు ఉన్నాడు. మెడలో నల్లటి బిళ్ళ. అంచులు అరిగి రంగు పోయింది. "ఎవరు కావాలమ్మా?" అని ఆ బిళ్ళ పలికింది. ప్రసూనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గొంతు ఆమెకు తన గొంతుకంటే బాగా తెలుసు.

"నేను ప్రసూననన్నా."

ఆయన సంబరం ఆమెను ఇంకా కుంగదీసింది. కుర్చీ తుడిచి వేశాడు. తలుపు చెక్కను వేలితో రెండుసార్లు తట్టాడు. లోపలినుంచి గోడ పట్టుకుంటూ ఒకామె వచ్చింది. ఆయన భార్య అలివేలు. షుగరు జబ్బుతో పదేళ్ళ కిందట కళ్ళు పోయాయని ప్రసూన ఫోనులో విన్న సంగతే. రోజూ పొద్దున ఆయన పేపరు మొదటి పేజీనుంచి చివరిదాకా చదివితే ఆమె వింటూ పూలు కడుతుందని కూడా తెలుసు.

ప్రసూన చెప్పాల్సింది చెప్పింది. చిప్పు కంపెనీ మూతపడటం, రూలు, అరవై రోజులు. పది నెలల పనికి రెండు నెలలే మిగిలాయని, ఆ రెండు నెలల్లో కొత్తది ఆయన గొంతుతో మూడు వందల మాటలు మాత్రమే పట్టగలదని, మిగతా మాటలన్నీ మెషిన్లలో వినిపించే మామూలు గొంతుతో పలుకుతుందని చెప్పింది. ఆ తర్వాత దానికి నేర్పే పాతది ఉండదు.

"మరి మిగతావాళ్ళు?" అన్నాడు మునిరత్నం.

"మూడేండ్ల కిందటే మారినారు. వాళ్ళ గొంతు వాళ్ళకి ఉండాది."

"నేను అడిగినా కదమ్మా అప్పుడు."

"అడిగినారన్నా." ప్రసూన తల దించుకుంది. "మారితే మీరు నాకు ఫోను చేయాల్సిన పని ఉండదు. అందుకని వద్దన్నా. నాకు వేరే ఫోన్లు రావు."

మునిరత్నం చెయ్యి మెడకు పోనిచ్చి కంఠిక మీట నొక్కి ఆపేశాడు. తిట్టినా బాగుండేది. ఇల్లంతా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడులో అలివేలు ముఖం అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కుంది.

"ఏమయింది? ఉండాడా, ఎలిపోయినాడా?" అంది. చెయ్యి చాపి ఆయన భుజం దొరికాక నెమ్మదించింది. "పాపా, నాకు కండ్లు పోయినా ఇల్లు పోలేదు. ఆయన మాట యాడ వినిపిస్తే ఆడ గోడ ఉండాది, ఆడ వాకిలి ఉండాది అని తెలస్తాది. మాట లేకపోతే నేను యాడుండానో నాకే తెలీదు. తప్పు చేసినావులే. ఇప్పుడు ఏడిస్తే ఏమొస్తాది? మూడు వందలంటివే, ఆ మూడు వందలన్నా మిగిలేట్టు చెయ్యి."

మునిరత్నం మీట మళ్ళీ నొక్కాడు. "కట్టు" అన్నాడు. ఒక్క మాటే. ప్రసూన కొత్త బిళ్ళను పాతదాని కింద కట్టింది.

ఎక్కువసార్లు విన్న మాటలే కొత్త చిప్పులో నిలుస్తాయి. కాబట్టి ఆయన బాగా మాట్లాడాలి. మాట్లాడించేవాళ్ళు కావాలి. ప్రసూన రోజూ షిఫ్టు అయిపోగానే నాలుగింటి బస్సుకు పుత్తూరు వచ్చేది. మొదటి వారం మునిరత్నం పేపరు చదివాడే తప్ప ఆమెతో మాట కలపలేదు. రెండో వారం ఒకరోజు వాన పడుతుంటే "తడిసినావే" అన్నాడు. అక్కడినుంచి కట్ట తెగింది. పాత డ్రైవర్ల పేర్లు, బస్టాండులో తప్పిపోయిన పిల్లల కథలు, మైకు పాడైన రోజు ప్లాట్‌ఫారాలన్నీ తిరుగుతూ కేకలేసి బస్సులు చెప్పిన సంగతి. "విన్నావా ప్రసూనమ్మా", "ఇది చూడు ప్రసూనమ్మా", "ప్రసూనమ్మా, ఆ రోజు ఏమయిందంటే" అంటూ ఒకటే ధోరణి. అలివేలు పక్కనే పూలు కట్టుకుంటూ నవ్వుకునేది. కాఫీ కావాలంటే ఆయన తలుపు చెక్కను రెండుసార్లు తట్టేవాడు. ఆమె లేచేది.

నిజం చెప్పాలంటే ప్రసూన తన జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. ఒక మనిషి గొంతు పోయే రోజు దగ్గరపడుతుంటే తనకింత సంతోషమేమిటని తిరుగు బస్సులో తనను తాను తిట్టుకునేది. మర్నాడు మూడున్నర నుంచే గడియారం చూసేది.

అరవయ్యో రోజు ఆమె సెలవు పెట్టి తొమ్మిదిన్నరకల్లా వచ్చేసింది. కొత్త కంఠికను ఆయన మెడమీదే ఉంచి, ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి, నిలిచిన మాటల జాబితా తెరిచి చదవడం మొదలుపెట్టింది. పేపరు, కాఫీ, వాన, చక్కెర, నగరి, తిరుత్తణి, ప్లాట్‌ఫారం, మాత్ర వేసుకో, మెట్టుంది చూసుకో. మునిరత్నం ఒక్కొక్కదానికీ తలాడిస్తున్నాడు. రెండు వందల తొంభై ఎనిమిది మాటలు గట్టిగా అచ్చుపడ్డాయి.

జాబితా చివర విడిగా ఒక గడి ఉంటుంది. దానిపేరు పిలుపు. మనిషిని పేరు పెట్టి పిలిచేటప్పుడు గొంతు సాగుతుంది, పైకి లేస్తుంది. దాన్ని పట్టడానికి మామూలు మాటకంటే చాలా పోగులు కావాలి. మొదటి రెండు నెలల్లో చిప్పులో ఒక్క పిలుపుకే చోటు దొరుకుతుంది. డిజైను మీటింగులో ఎవరో అది చాలదేమో అంటే, మనిషి నోరారా పిలిచేది ఒకరినే కదా, చాలు అని తేల్చేసింది కూడా ప్రసూనే.

ఆ గడిలో ఉన్నది చదవబోయి ఆగిపోయింది.

"ఏముంది?" అంది అలివేలు.

"'ప్రసూనమ్మా' అని ఉందక్కా."

"మరి నాది?"

"మీ పేరు... ఎక్కడా లేదక్కా."

అలివేలు నవ్వింది. "యాడుంటాది? నలభై ఏండ్లలో ఒక్కసారన్నా పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. వాళ్ళ నాయన పిలవలా, వాళ్ళ తాత పిలవలా. పెండ్లాన్ని పేరు పెట్టి పిలిస్తే అదేదో నామోషీ వీళ్ళకి. గొంతు ఉన్నప్పుడు దగ్గేవాడు, నేను వచ్చేదాన్ని. అది పోయినాక ఈ తట్టడం."

"తడితే వస్తావు కదా, ఇంకేంది?" అన్నాడు మునిరత్నం, ముఖం ఎటో పెట్టుకుని.

"కండ్లుంటే తట్టేది నువ్వేనని తెలస్తాది. తలుపు ఎవరు తట్టినా ఒకటే చప్పుడు." ఆమె పూలదండ ఒళ్ళో పెట్టుకుంది. ఇప్పుడు నవ్వడం లేదు. "రేపటినుంచి నీ సగం మాటలు ఎవడో పరాయోడివి. ఇంట్లో ఇద్దరు మగోళ్ళు మాట్లాడినట్టుంటాది. దాంట్లో నన్ను పిలిచేది నువ్వేనని నాకెట్ల తెలియాల?"

ప్రసూన గడియారం చూసింది. పది దాటి ఐదు నిమిషాలు. మిగిలింది రెండు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. పిలుపు అచ్చు పడాలంటే కనీసం రెండు వందల సార్లు వినిపించాలి. చాలుతుంది. కానీ గడి ఖాళీగా ఉంటేనే చాలుతుంది.

ఆమె ఆ గడిమీద వేలు ఉంచింది. తొమ్మిదేళ్ళుగా ఈ లోకంలో తన పేరును అలా సాగదీసి, ఆప్యాయంగా పిలిచిన గొంతు అదొక్కటే. ఆ అచ్చు ఉంటే ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ పిలుపు ఉంటుంది. ఎవరూ అడగలేదు. చెరపమని ఎవరూ అనలేదు. 'చిప్పులో చోటు లేదక్కా, ఇప్పుడేం చేయలేం' అంటే నమ్ముతారు. మూడేళ్ళ కిందట కూడా నమ్మారు.

చెరిపేసింది.

"అన్నా, ఇంక మీరు అక్కతో తప్ప ఎవరితోనూ మాట్లాడొద్దు. నా పేరు పొరపాటున కూడా అనొద్దు. పన్నెండింటిదాకా ఆమెను పేరు పెట్టి పిలవండి. పక్కన కూర్చుని కాదు. ఆమెను పెరట్లోకి పంపి, ఇక్కడినుంచి గట్టిగా పిలవండి."

"ఇప్పుడా? ఈ వయసులోనా?" మునిరత్నం చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు యాడికి?"

"నేనుంటే మీకు సిగ్గు."

ల్యాప్‌టాప్ వైరు తీసేసి, సంచి తీసుకుని ఆమె సందులోకి వచ్చింది. నాలుగడుగులు వేసేలోగా లోపలినుంచి, దొంగతనంగా అన్నట్టు ఒక మాట వినిపించింది. "అలివేలు." ఆవిడ వెంటనే "వినపడలా!" అంది పెరట్లోంచి. మళ్ళీ. మళ్ళీ. సందు మలుపు తిరిగేసరికి ఆ గొంతుకు సిగ్గు వదిలింది. బస్టాండు బెంచీమీద కూర్చున్నాక కూడా, బస్సుల చప్పుళ్ళ సందులోంచి సన్నగా వినిపిస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళు ఆ బస్టాండులో మోగిన గొంతు. "అలివేలూ... అలివేలూ..." టీకొట్టు ముసలాయన చెవి రిక్కించి, "మునిరత్నం గొంతులాగుండాదే! ఏమయిందంట?" అన్నాడు ఎవరితోనో. పన్నెండు కొట్టేసరికి ఆగిపోయింది.

ప్రసూన వెనక్కి వెళ్ళి చూడలేదు. తిరుపతి బస్సు వస్తే ఎక్కేసింది.

వారం రోజులు ఆమె పుత్తూరు వెళ్ళలేదు, వెళ్ళడానికి పని లేదు. వృద్ధాశ్రమం పై వరసలోని పాత కంఠికను వైరు పీకి అట్టపెట్టెలో పెట్టింది. శనివారం పదకొండింటికి ఆ గదిలోనే అలవాటుగా ఫోను దగ్గరికి లాక్కుని కూర్చుంది. మోగదని తెలుసు. మోగింది.

"హలో" అన్నది మునిరత్నం గొంతే. ఆ తర్వాతి మాట మాత్రం బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో టోకెను నంబరు పిలిచే గొంతు. ఒక్క అక్షరం తప్పు లేకుండా, ఏ సాగదీతా లేకుండా పలికింది. "ప్రసూనమ్మా."

ఆమె ఫోను గట్టిగా పట్టుకుంది.

"చెప్పండన్నా."

"నీ పేరు సరిగ్గా రావడం లేదు. ఏదో రిపేరు. సరిచేస్తావా?" సగం ఆయన, సగం ఆ పరాయి గొంతు.

"అది రిపేరు కాదన్నా. అట్లే ఉంటుంది."

"ఇరవై వాక్యాలు పంపలేదే. చదవాల కదా?"

తొమ్మిదేళ్ళుగా ఆమె పంపుతూ వచ్చిన వాక్యాలు. ఇప్పుడు పంపినా ఆయన కాదనడు. వారం వారం చదువుతాడు. ప్రసూన కళ్ళు మూసుకుని, మూడేళ్ళ కిందట అనాల్సిన మాట అంది.

"అక్కర్లేదన్నా. కొత్తది తనను తానే పరీక్ష చేసుకుంటుంది. మీరింక ఫోను చేయాల్సిన పని లేదు."

"ఓహో" అన్నాడు. అది కూడా పరాయి గొంతే. తర్వాత ఫోను పక్కకు తిప్పి పిలిచాడు. "అలివేలూ..."

ఆ పిలుపు పొడుగ్గా, వెచ్చగా, ఇల్లంతా నిండేట్టుగా వచ్చింది. ఎక్కడో పెరట్లోంచి, "వస్తా ఉండా, వస్తా ఉండా, ఊరంతా వినాల్నా?" అన్న మాట, గోడ పట్టుకోకుండా గబగబా నడిచివచ్చే అడుగుల చప్పుడు. ఫోను చేతులు మారింది.

"పాపా" అంది అలివేలు. ఆయాసపడుతోంది. "రోజుకి యాభైసార్లు పిలస్తా ఉండాడు. ఊరికే. ఏం పని లేకుండా." నవ్వింది. ఆ వెంటనే గొంతు మారింది. కళ్ళు లేని మనిషికి వినబడనిది ఉండదు. "నీ పేరు ఆయన గొంతులోనే ఉండె కదా. యాడ పోయింది?"

ప్రసూన అల్మారాలో ఖాళీ అయిన చోటు వైపు చూసింది. వేలాడుతున్న ఛార్జింగు వైరు చివర చిన్న దీపం ఇంకా వెలుగుతోంది.

"అక్కడ ఒక్కరికే చోటక్కా" అంది.